మే నెలలో వైజాగ్ ప్రయాణం: సంచిలో ఏముండాలి, ఏముండకూడదు

ప్రశ్న: మేం నిజాంపేటలో ఉంటాం. మే చివరి వారంలో ఐదు రోజులకు వైజాగ్ వెళ్తున్నాం. నేను, మా వారు, తొమ్మిదేళ్ళ బాబు, నాలుగేళ్ళ పాప, అరవై ఎనిమిదేళ్ళ మా అత్తగారు. ఆవిడకి బీపీ, షుగర్ ఉన్నాయి, ఇన్సులిన్ తీసుకుంటారు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో థర్డ్ ఏసీ టికెట్లు దొరికాయి. మొదటి రెండు రోజులు ఎంవీపీ కాలనీలో మా ఆడపడుచు ఇంట్లో, తర్వాత బీచ్ రోడ్డులో హోటల్. ఒక రోజు అరకు, ఒక పూట సింహాచలం అనుకుంటున్నాం. "ఇక్కడ నలభై రెండు చూస్తున్నాం, అక్కడ ముప్ఫై ఐదే. మనిషికి మూడు జతలు చాలు" అంటారు మా వారు. నా లిస్టు ప్రకారం సర్దితే నాలుగు సూట్‌కేసులు అవుతున్నాయి. అత్తగారేమో కూతురికి కొత్తావకాయ జాడీ పట్టుకెళ్ళాలంటున్నారు. మా వారు పిల్లలకి గాలి ట్యూబులు కూడా కొన్నారు. అరకుకి స్వెటర్లు కావాలా? ఈ లిస్టు మీద ఇంట్లో రోజూ గొడవే. నా లిస్టు కూడా పంపుతున్నాను. ఎవరు కరెక్టో మీరే చెప్పండి.
– ఒక పాఠకురాలు, నిజాంపేట, హైదరాబాద్

సమాధానం: జతల లెక్కలో మీరు కరెక్టు, సూట్‌కేసుల లెక్కలో మీ వారు కరెక్టు. ఇది ఇద్దరినీ మంచి చేసుకోడానికి చెప్తున్న మాట కాదు. మీ లిస్టు చూశాను. అందులో జీన్స్ ఆరు, పిల్లలకి లెదర్ షూస్ రెండు జతలు, పార్టీవేర్ డ్రెస్సులు, నాలుగు దుప్పట్లు, రెండు పెద్ద టర్కీ తువ్వాళ్ళు ఉన్నాయి. సగం సూట్‌కేసు వీటికే పోతుంది. పల్చటి నూలు బట్టలు మాత్రం లిస్టులో వెతుక్కోవాల్సి వచ్చింది. బరువైనవి తీసేసి, పల్చటివి రెట్టింపు చేయండి. ఐదుగురికీ కలిపి రెండు మీడియం సూట్‌కేసులు, ఒక భుజానికి వేసుకునే బ్యాగు, మందులకి విడిగా ఒక చేతిసంచి. అంతకు మించక్కర్లేదు.

ముందు మీ వారి ముప్ఫై ఐదు సంగతి చూద్దాం. ఎండ విషయంలో రెండు ఊళ్ళకీ పెద్ద తేడా లేదు. హైదరాబాద్ 17.4 డిగ్రీల అక్షాంశం మీద ఉంటే వైజాగ్ 17.7 దగ్గర ఉంది. మే 9న హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం నీడ కాళ్ళ కిందకి వచ్చేస్తుంది, వైజాగ్‌లో ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అదే జరుగుతుంది. కాబట్టి చర్మం మాడడం అక్కడా ఇంతే. మారేది గాలి. మే నెలలో మన దగ్గర మధ్యాహ్నం పూట గాలి పొడిగా ఉంటుంది కాబట్టే ఇంట్లో కూలర్ పనిచేస్తుంది. పొడిగాలి తడిసిన గడ్డిలోంచి వస్తూ నీళ్ళని ఆవిరి చేస్తుంది, ఆ పనిలో తను చల్లబడుతుంది. ఒంటి మీద చెమట చేసేదీ అదే పని. వైజాగ్‌లో సముద్రం మీది గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది. చెమట పడుతుంది కానీ ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. ముప్ఫై ఐదు డిగ్రీల దగ్గర గాలిలో తేమ 65 శాతం ఉంటే ఒంటికి నలభై ఐదు దాటినట్టే ఉంటుంది. పైగా రాత్రి కూడా పెద్దగా తగ్గదు. పడమటి గాలి బలంగా వీచి సముద్రపు గాలిని ఆపేసిన రోజున అక్కడా నలభై దాటుతుంది. కాబట్టి ఆ ముప్ఫై ఐదుని చూసి ధీమా పడొద్దని మీ వారికి చెప్పండి.

ఇక బట్టలు. వైజాగ్‌లో పొద్దున వేసుకున్న చొక్కా మధ్యాహ్నానికి పిండితే నీళ్ళొచ్చేలా ఉంటుంది. సాయంత్రం స్నానం చేసి మళ్ళీ అదే వేసుకోలేరు. పెద్దవాళ్ళకి రోజుకి రెండు జతలు, రాత్రికి విడిగా ఒకటి అనుకోండి. మీ ఆడపడుచు ఇంట్లో ఉన్న రెండు రోజులు బట్టలు ఉతుక్కోవచ్చు. ఆవిడ వద్దన్నా మీరే మిషన్‌లో వేసేయండి. హోటల్ గదిలో మాత్రం ఉతికినా పూర్తిగా ఆరక తెల్లారేసరికి ముక్కిన వాసన రావచ్చు. బాల్కనీ ఉంటే ఎండా గాలీ తగిలి గంటల్లోనే ఆరతాయి. అందుకని ఒక నైలాన్ తాడు, డజను క్లిప్పులు, రెండు సర్ఫ్ పొట్లాలు లిస్టులో రాసుకోండి. ఇలా చూస్తే పెద్దవాళ్ళకి ఆరేడు పల్చటి జతలు, పిల్లలకి ఎనిమిదేసి సరిపోతాయి. ఒక జీన్స్ తీసేస్తే ఆ చోట్లో మూడు నూలు కుర్తీలు పడతాయి, అందుకే సూట్‌కేసు పెరగదు.

జీన్స్ మీద నాకు పగ ఏమీ లేదు. కానీ మే నెలలో తీరంలో అది చెమట పీల్చుకుని రోజంతా తడిగానే ఉంటుంది, నడుస్తుంటే తొడలు ఒరుసుకుని మంట పుడుతుంది. రైల్లో వేసుకోడానికి తలా ఒకటి చాలు, అదీ మీకు తప్పదనిపిస్తేనే. లెగ్గింగ్స్ కూడా ఇంతే, ఒంటికి అంటుకుపోతాయి. వదులుగా ఉండే నూలు పైజామాలు, పలాజోలు, మీ వారికి లినెన్ లేదా నూలు చొక్కాలు, ఇంట్లో లుంగీ. ఫొటోలకి బాగుంటుందని లిస్టులో రాసిన క్రేప్ చీర, జార్జెట్ చీర ఇంట్లోనే ఉంచండి. చెమటకి వీపున అంటుకున్న జార్జెట్ ఫొటోలో ఏమంత బాగుండదు. ఒక మంగళగిరి నూలు చీర తీసుకెళ్ళండి, సింహాచలానికీ అదే పనికొస్తుంది. మీ అత్తగారు సర్దుకున్నవి "పాత చీరలే" అని కొంచెం చిన్నబుచ్చుకున్నట్టు రాశారు. ఆవిడకి వదిలేయండి. ఎన్నోసార్లు ఉతికి మెత్తబడిన నూలు చీర కంటే ఆ ఉక్కకి మంచిది ఏదీ లేదు. ఈ ఇంట్లో సరిగ్గా సర్దుకున్నది ఆవిడొక్కరే.

లోపలి బట్టలు లిస్టులో రాయడానికి మొహమాటపడి అందరూ తక్కువ పెడతారు. రోజుకి రెండు చొప్పున లెక్కేసి, పైన ఇంకో రెండు పెట్టండి. అవి తడిగా ఉండిపోతేనే గజ్జల్లో తామర మొదలవుతుంది, తిరిగొచ్చాక నెల రోజులు చర్మం డాక్టరు చుట్టూ తిరగాలి. పాపకి మెడ మీద, వీపు మీద చెమటకాయలు రావచ్చు. రోజుకి రెండు సార్లు చన్నీళ్ళ స్నానం, పల్చటి చేతుల్లేని నూలు గౌను, అవసరమైతే కాలమైన్ లోషన్. పౌడరు దట్టంగా పూయకండి, చెమటతో కలిసి ముద్దయి కూర్చుంటుంది. పెద్దవాళ్ళకి తొడలు ఒరుసుకునే చోట స్నానం అయ్యాక కాస్త వేజలీన్ రాసుకుంటే నడవడం హాయిగా ఉంటుంది.

సముద్రంలో దిగడానికి మాత్రం నూలు పనికిరాదు. తడిసిన నూలు బరువెక్కి కాళ్ళకి చుట్టుకుంటుంది, చీరయితే మరీ ప్రమాదం. మీ బాబుకి ఐపీఎల్ జెర్సీలు రెండున్నాయని రాశారు కదా, ఊళ్ళో తిరగడానికి అవి వద్దు కానీ నీళ్ళలోకి అవే భేష్. పాలిస్టర్ కాబట్టి త్వరగా ఆరుతుంది, భుజాల మీద నేరుగా ఎండ పడదు. మీకు పొట్టి కుర్తా, నైలాన్ లెగ్గింగ్స్, చున్నీ లేకుండా. ఒడ్డుకొచ్చాక తడి బట్టల్ని అలాగే ఆరేస్తే రాత్రంతా చెమ్మగానే ఉంటాయి. బట్టలో మిగిలిన ఉప్పు గాలిలోని తేమని పీల్చుకుంటూ ఉంటుంది మరి. మంచినీళ్ళలో రెండు సార్లు జాడించి ఆరేయండి. ఒంటికి అంటిన ఇసుకని తడిమీద రుద్దితే చర్మం గీరుకుపోతుంది. ఆరనిచ్చి, కాస్త పౌడరు చల్లి దులిపితే రాలిపోతుంది. పౌడరు డబ్బా అసలు ఉపయోగం ఇక్కడ. టర్కీ తువ్వాళ్ళు వద్దు, అవి ఒకసారి తడిస్తే మీ ప్రయాణం అయ్యేదాకా ఆరవు. పల్చటి నేత తువ్వాళ్ళు తలా రెండు పెట్టండి.

ఇప్పుడు గాలి ట్యూబులు. వాటిని ఇంట్లోనే వదిలేయండి. ఈ ఒక్క విషయంలో నేను మొహమాటం లేకుండా చెప్తాను. నీళ్ళ పార్కులో అవి ఆటవస్తువులు. సముద్రంలో అలల వెనక్కి లాగే ప్రవాహం ఉంటుంది, పైన ఒడ్డు నుంచి నీటి మీదికి గాలి వీస్తే తేలికైన ట్యూబు పిల్లతో సహా లోపలికి పోతుంది. ట్యూబు ఉందన్న ధైర్యంతో పెద్దవాళ్ళు రెండు అడుగులు వెనక నిలబడతారు, అసలు చిక్కు అదే. ఆర్‌కే బీచ్‌లో ఆ ప్రవాహాలు బలంగా ఉంటాయి, చూడ్డానికి మాత్రం ప్రవాహం ఉన్న చోట అలలు తక్కువగా, నీళ్ళు ప్రశాంతంగా కనిపిస్తాయి. ఆ ప్రశాంతంగా కనిపించే చోటే నీరు వెనక్కి పోతూ ఉండొచ్చు. ఆర్‌కే బీచ్‌ని నడకకీ, సబ్‌మెరైన్ మ్యూజియంకీ, మూరీ (మరమరాల) మిక్చర్‌కీ ఉంచుకోండి. నీళ్ళలో ఆడాలంటే రుషికొండ వైపు వెళ్ళి, లైఫ్‌గార్డులు ఉన్న చోట, మోకాలి లోతు దాటకుండా, పిల్ల చెయ్యి పట్టుకుని. ఎవరైనా లోపలికి కొట్టుకుపోతుంటే ఒడ్డుకి ఎదురీదకూడదు, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది ప్రవాహం దాటాలి. ఇది మీ వారికీ తెలియాలి.

అలలు పెద్దవిగా ఉంటాయా లేదా అన్న హెచ్చరికలు ఇచ్చేది ఎక్కడో కాదు, మీ ఇంటి పక్కనే ప్రగతినగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్, అంటే సముద్ర సమాచారం ఇచ్చే జాతీయ కేంద్రం. దేశం మొత్తానికీ సునామీ హెచ్చరికలు ఇచ్చే కేంద్రం కూడా అక్కడే ఉంది. సముద్రం లేని ఊళ్ళో కూర్చుని సముద్రాన్ని కనిపెట్టుకుని ఉంటారు. బయల్దేరే ముందు రోజూ, అక్కడికి వెళ్ళాక ప్రతి పొద్దునా వాళ్ళ వెబ్‌సైటు చూడండి. ఎత్తైన అలల హెచ్చరిక ఉన్న రోజు బీచ్ ప్లాను మార్చేసుకోండి.

అత్తగారి మందుల దగ్గరకొద్దాం, మిగతాదంతా మర్చిపోయినా వైజాగ్‌లో కొనుక్కోవచ్చు కానీ ఇది అలా కాదు. చేతిసంచి ఒకటి పూర్తిగా ఆవిడ మందులకే పెట్టండి, అది ఎప్పుడూ మీ దగ్గరే ఉండాలి, సీటు కింద సూట్‌కేసులో కాదు. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉండాలి. వాడుతున్న పెన్నో సీసానో బయట కొన్ని వారాలు ఉండగలదు, కానీ చాలా రకాలకి ఆ "బయట" అంటే ముప్ఫై డిగ్రీల లోపు. మీరు వాడేదానికి ఎంతో డబ్బాలో ఉన్న కాగితంలో రాసి ఉంటుంది, చదవండి. మందుల షాపుల్లో ఇన్సులిన్ కోసం చల్లటి పౌచ్‌లు దొరుకుతాయి, అందులో పెట్టండి. ఐస్ ముక్కలకి నేరుగా తగలనివ్వకండి, గడ్డకట్టిన ఇన్సులిన్ పారేయాల్సిందే. అరకు వెళ్ళిన రోజు ఆగి ఉన్న కారులో ఆ సంచి వదిలి వెళ్ళొద్దు, ఐదు నిమిషాలకని వెళ్ళి గంట తిరిగొస్తాం. షుగర్ చూసే స్ట్రిప్పుల డబ్బా మూత ఎప్పటికప్పుడు గట్టిగా పెట్టండి, తేమ తగిలితే స్ట్రిప్పులు తప్పు లెక్క చూపిస్తాయి. వేడిలో ఎక్కువ నడిచిన రోజు ఆవిడకి షుగర్ పడిపోవచ్చు కాబట్టి గ్లూకోజ్ పొడి, నాలుగు బిస్కెట్లు ఆ సంచిలోనే ఉండాలి. బీపీకి ఇచ్చే మాత్రల్లో ఒంట్లో నీళ్ళు తగ్గించేవి కొన్ని ఉంటాయి. ఉక్కలో ఐదు రోజులు ఉంటున్నాం, డోసు మార్చాలా, ఓఆర్ఎస్ తాగొచ్చా అని బయల్దేరే ముందు వాళ్ళ డాక్టర్ని ఒక మాట అడగండి. సొంతంగా మానేయొద్దు. ప్రిస్క్రిప్షన్ ఫొటో మీ ఫోన్‌లోనూ, మీ వారి ఫోన్‌లోనూ ఉండాలి.

మందులు ఐదు రోజులకి కాదు, ఎనిమిది రోజులకి పెట్టండి. మే నెలలో బంగాళాఖాతంలో తుపాన్లు వస్తాయి. 2010 మేలో లైలా బాపట్ల దగ్గర తీరం దాటింది. 2022 మేలో అసని బలహీనపడుతూ మచిలీపట్నం, నరసాపురం మధ్యకి వచ్చింది. ఆ గాలివానలకి తీరం వెంబడి రైళ్ళు ఆగిపోయినా, దారి మళ్ళినా మీరు రెండు మూడు రోజులు అక్కడే ఉండాల్సి రావచ్చు. అలా అయితే బట్టలు కొనుక్కోవచ్చు, ఆడపడుచు ఇల్లుంది, ఇబ్బందల్లా మందులకే. తుపాను లేకపోయినా సాయంత్రాలు ఉరుములతో జల్లులు పడతాయి. మడిచే గొడుగు ఒకటి చాలు, అది వానకే. బీచ్‌లో ఎండకని తెరిస్తే గాలికి తిరగబడుతుంది. టోపీలకి కూడా గడ్డం కింద కట్టుకునే తాడు లేకపోతే అవి మీ కంటే ముందు భీమిలి చేరతాయి.

మన ఊళ్ళో బండి మీద వెళ్ళేప్పుడు ముఖానికి చున్నీ చుట్టుకునే అలవాటు మీకూ ఉండే ఉంటుంది. అక్కడ అలా చుట్టుకుంటే ఊపిరాడదు. తల మీద వదులుగా వేసుకోండి. ముఖానికి, చేతులకి సన్‌స్క్రీన్ కొత్తది కొనండి, నిరుడు కారు డ్యాష్‌బోర్డులో ఉండిపోయిన ట్యూబు పనిచేయదు. ఎస్‌పీఎఫ్ 30కి తక్కువ కాకుండా, బయటికి వెళ్ళడానికి పావుగంట ముందు రాసుకుని, రెండు గంటలకోసారీ, నీళ్ళలోంచి బయటికొచ్చాకా మళ్ళీ రాసుకోవాలి. నీటి మీదా ఇసుక మీదా పడి తిరిగొచ్చే ఎండ గడ్డం కిందా, చెవుల మీదా మాడుస్తుంది, అక్కడే రాయడం మర్చిపోతాం. మీ బాబు మెడ వెనక్కి కూడా.

ఓఆర్ఎస్ పొట్లాలు అరడజను పెట్టండి. పొట్లం మీద ఎన్ని నీళ్ళలో కలపాలో రాసి ఉంటుంది, పెద్ద పొట్లం లీటరుకి. అందాజుగా సగం పొట్లం గ్లాసులో కలిపి పిల్లలకి ఇవ్వకండి. రైల్వే స్టేషన్లో డబ్బా జ్యూసులు కొనేటప్పుడు కూడా కాస్త చూసుకోండి. పంచదార ఎక్కువున్న పానీయాలు ఓఆర్ఎస్ పేరు పెట్టుకుని అమ్ముడుపోతుండేవి. మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి దాని మీద పోరాడారు. అసలు ఫార్ములా ప్రకారం లేనివాటికి ఆ పేరు పెట్టుకోకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. దాహానికైతే కొబ్బరి బొండాలు, ముంజలు అక్కడ అడుగడుగునా ఉంటాయి. నీళ్ళ బాటిళ్ళు మోసుకెళ్ళక్కర్లేదు, తలా ఒక ఖాళీ స్టీలు బాటిల్ చాలు.

ఆవకాయ విషయంలో నేను అత్తగారి వైపే. మే నెలలో కూతురింటికి వెళ్తూ ఆవకాయ లేకుండా వెళ్ళమనడం అన్యాయం. కాకపోతే జాడీ వద్దు, అది రైల్లో పగిలితే బోగీ అంతా మీకు శత్రువులవుతారు. మూడో రోజు తిరగ కలిపి, నూనె పైకి తేలిన తర్వాతే, బిగుతు మూత ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బాలో అంచు దాకా నింపకుండా పెట్టండి. మూత కింద ఒక పలుచటి కవరు, డబ్బాకి రెండు మందపాటి కవర్లు, దాన్ని నిటారుగా నిలబెట్టి చేతిలో పట్టుకునే గుడ్డసంచిలో. బట్టల సూట్‌కేసులో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టొద్దు. కారం కలిసిన పప్పునూనె మరక నూలు చీరకి పడితే పోదు. రైలు కాకుండా విమానంలో వెళ్ళాలని మనసు మారితే, ఆవకాయ లాంటి కారం పచ్చళ్ళు చేతి బ్యాగులో రానివ్వరు, అది కూడా గుర్తుంచుకోండి.

మీరు లిస్టులో చేగోడీలు, జంతికలు, చెక్కలు అని పెద్దగా రాసుకున్నారు. చేయండి, కానీ చిన్న చిన్న డబ్బాల్లో విడివిడిగా సర్దండి. ఆ ఊళ్ళో తెరిచిన డబ్బా మూడు నాలుగు గంటల్లో మెత్తబడిపోతుంది. రాత్రికి రైల్లో పులిహోర మంచిది. పెరుగన్నం కలిపితే అదే పూట తినేయాలి, మర్నాటికి మిగల్చకండి.

దుప్పట్లు నాలుగూ తీసేయండి. థర్డ్ ఏసీలో రైల్వే వాళ్ళే దుప్పటి, షీట్లు, దిండు ఇస్తారు, హోటల్లో ఉంటాయి, ఆడపడుచు ఇంట్లో ఆ ఉక్కకి ఎవరూ కప్పుకోరు. పాపకి రైల్లో ఏసీ చలేస్తే ఫుల్ చేతుల టీషర్టు, ఒక పల్చటి శాలువా. ఆ శాలువానే అరకుకి అత్తగారికి పనికొస్తుంది. స్వెటర్లు అక్కర్లేదు. అరకు తొమ్మిది వందల మీటర్లకి పైన ఉన్నా మే నెల పగటిపూట అక్కడా ఎండే, రాత్రి ఉండిపోయేవాళ్ళకి కాస్త చల్లగా అనిపిస్తుంది. మీరు పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేవాళ్ళు. ఆ దారికి మీ లిస్టులో లేనిది వాంతి కవర్లు. ఘాట్ రోడ్డు మలుపులకి పిల్లలిద్దరిలో ఒకరికి తప్పదు. ఖాళీ కడుపుతోనూ, నిండా తినీ కూడా కారెక్కించకండి, మాత్ర వేయాలంటే డోసు మీ పిల్లల డాక్టర్ని అడిగి రాసుకోండి. బొర్రా గుహల్లో మెట్లు చాలా ఉంటాయి, నేల తడిగా జారుతుంది. వెనకాల పట్టీ ఉన్న రబ్బరు శాండల్స్ అందరికీ ఉండాలి. అత్తగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయో మీరు రాయలేదు, బాగాలేకపోతే ఆవిడ్ని కొంచెం దూరం లోపలికి తీసుకెళ్ళి అక్కడితో ఆపేయండి. బయట కోతులుంటాయి, తినే కవరు చేతిలో కనిపించకూడదు.

అవే శాండల్స్ బీచ్‌కీ సరిపోతాయి. పది గంటలు దాటాక ఇసుక కాలుతుంది, గాజుపెంకులూ ఉంటాయి. లెదర్ షూస్ ఉప్పునీటికీ తేమకీ పాడవుతాయి, వాటిని తీసేయండి. సింహాచలం పొద్దున్నే వెళ్ళిరండి. అక్షయ తృతీయ నాటి చందనోత్సవం అప్పటికి అయిపోయి ఉంటుంది కాబట్టి ఆ రద్దీ ఉండదు, కానీ ఎండెక్కాక రాతి నేల మీద పిల్లలు చెప్పుల్లేకుండా నిలబడలేరు.

మీ బాబుకి సూర్యోదయం చూపించాలని ఉందన్నారు. మన ఊరి కంటే అక్కడ దాదాపు ఇరవై నిమిషాలు ముందే తెల్లారుతుంది, మే చివర్లో ఐదున్నరకి ముందే సూర్యుడు నీళ్ళలోంచి పైకొస్తాడు. ఐదుంపావుకల్లా ఒడ్డున ఉండాలి. సాయంత్రం సముద్రంలో సూర్యాస్తమయం కనబడుతుందని ఆశపెట్టకండి, అది ఊరి వైపు, కొండల వెనక.

నగల గురించి ఒక్క మాట. ఉంగరాలు, పిల్లల గొలుసులు ఇంట్లోనే. నీళ్ళలో వేళ్ళు సన్నబడి ఉంగరం జారితే ఎక్కడని వెతుకుతారు. పుస్తెలతాడు లోపలికి వేసి పిన్ను పెట్టుకోండి, సముద్రం దగ్గర అది చాలు. వన్ గ్రామ్ గోల్డ్ నగలైతే చెమటకి, ఉప్పుగాలికి నల్లబడతాయి. ఫోన్లకి ఒక జిప్పు కవరు ఉంచుకోండి. ఏసీ గదిలోంచి బయటికి రాగానే కళ్ళజోడూ, కెమెరా లెన్సూ ఆవిరి పడతాయి, నిమిషం ఆగితే పోతుంది, చీర కొంగుతో రుద్దకండి. చార్జింగ్ పిన్ దగ్గర తడి ఉందని ఫోన్ చెప్తే వినండి.

రైల్లో ఒక్కో పెద్ద టికెట్టుకి థర్డ్ ఏసీలో నలభై కిలోల దాకా సామాను అనుమతి ఉంది, అందుకని బరువు గురించి రైల్వే వాళ్ళేమీ అనరు. కానీ నాంపల్లి ప్లాట్‌ఫామ్ మీద ఒక చేత్తో పాపని, ఇంకో చేత్తో అత్తగారిని పట్టుకుంటే సూట్‌కేసు లాగడానికి మిగిలేది మీ వారొక్కరే. రెండు సూట్‌కేసులంటే ఆయన రెండు చేతులూ అయిపోయాయి. బాబు భుజానికి వాడి నీళ్ళ బాటిల్, జెర్సీ ఉన్న చిన్న బ్యాగు తగిలించండి, మోస్తాడు. ఒక సూట్‌కేసులో ఆడపడుచు ఇంట్లో వాడేవి, రెండో దాంట్లో హోటల్‌కి, బీచ్‌కి పనికొచ్చేవి సర్దండి, రెండోది మొదటి రెండు రోజులూ తెరవక్కర్లేదు. రైలు దిగగానే కావలసిన ఒక్కో జత, పళ్ళపొడి, తువ్వాళ్ళు భుజం బ్యాగులో పైన పెట్టండి. ఆ రైలు తెల్లవారుజామున వైజాగ్ చేరుతుంది, ఏసీ బోగీ దిగి స్టేషన్ బయటికి వచ్చేలోపే ఒంటి మీది బట్ట తడుస్తుంది, ఇంటికి వెళ్ళగానే అందరూ ముందు స్నానానికే వెళ్తారు. రబ్బరు వాన కోట్లు, మీరు చివర్లో పెన్సిల్‌తో రాసినవి, వాటిని కొట్టేయండి.